నాలుగో మూత

టైర్ల షాపు, వెనక గది
సోమవారం

అక్కకి,

నీ దవడకి తీగలు కట్టారనీ, ఇంకో నెల దాకా మాట్లాడకూడదనీ నర్సు ఫోనులో చెప్పింది. మాట్లాడకూడదన్నారు గానీ రాయకూడదనలేదు కదా అని కాగితం తీశాను. మనం ఉత్తరాలు రాసుకుని ఎన్నేళ్లయిందో. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు పేజీలకి పేజీలు రాసేదానివి, నేను జవాబుకి బదులు లారీ బొమ్మలు గీసి పంపేవాణ్ణి.

బావ లేడని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆయన కుర్చీ షాపు ముందు అలాగే ఉంది. ఆదివారం పొద్దున్నే పేపరు పట్టుకుని వచ్చి అందులో కూర్చుని, నేను టైరు విప్పుతున్నా సరే వార్తలు పైకి చదివి వినిపించేవాడు. నాకు సగం వినబడేవి కావు. అయినా ఊఁ కొట్టేవాణ్ణి. నిన్న ఎవరో వచ్చి అందులో కూర్చోబోతే, విరిగిపోయిందండీ అని అబద్ధమాడాను.

ఇంకెవరి నోటో వినేకంటే ఇది నేనే చెప్పడం మంచిది. మోటారు ఇన్‌స్పెక్టరు ప్రమాదం జరిగిన మీ కారు చూశాడు. పేలింది ఎడమ వెనక టైరు. అందులో గాలి బాగా తక్కువ ఉందట. గాలి తగ్గిన టైరు బరువుకి పక్కలు నలుగుతూ పరిగెడుతుంది, ఆ నలుగుడుకి లోపల వేడి పుడుతుంది, పైకి ఏమీ తెలియదు, చివరికి ఒక్కసారిగా చిరుగుతుంది. రోజూ పదిమందికి నేను చెప్పే మాటే ఇది. ఇన్‌స్పెక్టరు దాన్ని నాకే వివరంగా చెప్పాడు.

కొత్త ఇంటికి సామాను వేసుకుని మీరు బయల్దేరిన పొద్దున గాలి కొట్టింది నేను. గాలి కొలిచే నా గేజి పాతది. ఉన్నదానికంటే ఎక్కువ చూపించి ఉంటుంది, నేను దాన్ని నమ్మాను. ఇన్‌స్పెక్టరుకి అదే రాసిచ్చాను. మీ అత్తయ్యకీ అదే చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

నువ్వు మాత్రం అలా తలుపు వేసుకోకు. తిట్టాలనిపిస్తే తిట్టు. పడుకుని వంకరటింకరగా రాసినా సరే, చదువుకుంటాను.

నీ తమ్ముడు


ఆస్పత్రి, కిటికీ పక్క మంచం
శుక్రవారం

తమ్ముడికి,

ఉత్తరం అందింది. కాలికి కడ్డీ వేశారు. గొట్టంతో తాగడం అలవాటైంది. మందుల గదిలో పదహారేళ్లు పనిచేసినదాన్ని, ఇక్కడ ఎవరైనా మందు కొలిచి తెస్తే గ్లాసు వెలుగుకేసి పట్టి చూస్తున్నాను. నర్సులకి నేనంటే చిరాకు.

మీ బావ వస్తువులు ఒక కవరులో పెట్టి ఇచ్చారు. వాచీ, ఒక అద్దం పోయిన కళ్లజోడు, పెన్ను, ఇంకేవో చిన్నవి. వాచీ నడుస్తూనే ఉంది. దాన్ని దిండు కింద పెట్టుకుంటే చప్పుడు వినిపిస్తోంది, తీసేస్తే వినిపించడం లేదు. రెండూ భరించలేకపోతున్నాను.

అత్తయ్య రోజూ వస్తున్నారు. నా జుట్టు దువ్వుతున్నారు. కొడుకుని పోగొట్టుకున్న మనిషి నా తల దువ్వుతుంటే నేను గోడకేసి చూస్తూ ఉంటాను.

ఒక్కటి అడుగుతాను. ఆ రోజు వెనక టైర్లలో ఎంత కొట్టావు? ఉజ్జాయింపుగా వద్దు, అంకె రాయి.

అక్క


టైర్ల షాపు
మంగళవారం

అక్కకి,

ముప్పై రెండు. నాలుగింటికీ ముప్పై రెండే. నీకు నేర్పిన అంకే కదా, వేరే ఎందుకు కొడతాను?

నేర్పిన రోజు గుర్తుందా? మీరు బండి కొన్న వారం. నీకో గేజి బహుమతిగా ఇస్తే, బంగారు గొలుసు ఇచ్చినంత సంబరపడి పుస్తకం, పెన్సిలు పట్టుకొచ్చావు. ఇదేమైనా పరీక్షా అని బావ నవ్వాడు. మూత తియ్యి, గేజి నొక్కు, ముప్పై రెండు ఉందా లేదా చూడు, అంతే, ఇంకేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు అన్నాను. ఇంకా ఏదో చెప్పబోతుంటే ఎవరో లారీ తీసుకొచ్చి హారను కొట్టారు, నేను వెళ్లిపోయాను. నువ్వు పుస్తకంలో ముప్పై రెండు అని రాసి, చుట్టూ గీత గీశావు. బిస్కెట్టు రెండుగా విరిచి పొడిని కూడా చెరిసగం పంచిన మనిషివి. ఆ రోజు నిన్ను తక్కెడక్కా అని పిలిస్తే బావ వారం రోజులు అదే పేరుతో ఏడిపించాడట.

పోలీసువాళ్ల ఆవరణలో బండి ఉంటే మొదటి వారమే వెళ్లి సామాను తీసుకొచ్చాను. పుస్తకాల పెట్టెలు బాగానే ఉన్నాయి. కుట్టుమిషను చక్రం వంగింది, బాగుచేయిస్తాను. అక్కడ అరగంట ఉన్నాను.

ఇంటికి పంపించేశాక చెప్పు, ఆదివారం వస్తాను. అత్తయ్య తిట్టినా పడతాను.

తమ్ముడు


కొత్త ఇల్లు
బుధవారం

తమ్ముడికి,

రావద్దు. నీ మొహం చూడలేనని అత్తయ్య అన్నారు. ఈ గుమ్మం తొక్కవద్దని చెప్పమన్నారు. చెబుతున్నాను.

నేను ఏమీ అనలేదు. తీగలు తీసేసి పది రోజులైంది.

అక్క


టైర్ల షాపు
శనివారం

అక్కకి,

నీ చివరి ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. రాయకూడదనే అనుకున్నాను. కానీ ఈ సంగతి నీకు చెప్పకుండా చేస్తే బాగుండదు.

గాలి కొట్టడం మానేశాను. టైరు మార్చమంటే మారుస్తాను, పంక్చరు వేయమంటే వేస్తాను, గాలి దగ్గరికొచ్చేసరికి పక్క షాపుకి వెళ్లండి అంటున్నాను. టైర్ల షాపులో గాలి లేదంటే జనం నవ్వరా? మన ముసలి టాక్సీ ఆయన మాత్రం నవ్వలేదు. పైపు తనే అందుకుని నాలుగు టైర్లకీ కొట్టుకుని, గేజి నా ముందు పెట్టి, ఎంతుందో చదవరా అన్నాడు. చదవలేదు. ముప్పై ఏళ్ల నుంచి నా దగ్గరే గాలి కొట్టించుకుంటున్న మనిషి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

కంప్రెసరు పక్క షాపతనికి ఇచ్చేస్తున్నాను. నెలాఖరుకి షాపు మూసేసి అట్టపెట్టెల గోడౌనులో పనికి వెళతాను. పెట్టెలు మడిచి కట్టలు కట్టే పని. పెట్టె తప్పుగా మడిస్తే ఎవరికీ ఏమీ కాదు.

వస్తాననడం లేదు. నీ కాలు ఎలా ఉందో మాత్రం రాయి. బావ పుస్తకాలు పార్సిలులో పంపుతున్నాను.

తమ్ముడు


కొత్త ఇల్లు, ముందు గది
సోమవారం

తమ్ముడికి,

షాపు మూయకు. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నన్ను ఏమైనా అను, షాపు మాత్రం మూయకు.

ప్రయాణంలో మొదటి రోజు మధ్యాహ్నం తోవలో ఒక టీ దుకాణం దగ్గర ఆగాం. ఎండ మండిపోతోంది. మీ బావ కాళ్లు చాపుకుంటుంటే నేను నువ్విచ్చిన గేజి తీశాను. దూరం వెళ్లేటప్పుడు మధ్యలో చూసుకోవాలని నాకు నేనే పెట్టుకున్న నియమం. ముందు టైర్లు రెండూ ముప్పై ఏడు చూపించాయి. వెనకవి నలభై ఒకటి. నాకు ఒళ్లు మండింది. ముప్పై రెండు అని నాకు అంత గట్టిగా చెప్పి తను ఇంత కొడతాడా, తొందరలో చూసుకోలేదన్నమాట అనుకున్నాను. టైరు పేలితే ఎలా అని భయం కూడా వేసింది. భయపడే చేశాను ఆ పని.

వాల్వు నొక్కి గాలి తీశాను. కొంచెం తీయడం, గేజి పెట్టడం, మళ్లీ కొంచెం తీయడం. నాలుగూ సరిగ్గా ముప్పై రెండుకి తెచ్చాను. మీ బావ గొడుగు తెచ్చి నా నెత్తిన పట్టుకుని నిలబడ్డారు. మూతలు ఆయన అరచేతిలో ఉన్నాయి. మీ తమ్ముడి గాలి తీయడం నీకొక్కదానికే చేతనవును అన్నారు. నాకు నవ్వు ఆగలేదు.

మర్నాడు పొద్దున పదింటికి ఇంకోచోట ఆగాం. మళ్లీ చూశాను. మళ్లీ కొంచెం ఎక్కువే ఉంది, మళ్లీ తీశాను. మళ్లీ గొడుగు, మళ్లీ ఆయన అరచెయ్యి. ఒక్కొక్క టైరుకే మూత అడిగి తీసుకుని పెట్టాను, చివర ఎడమ వెనకది. అప్పుడాయన ఏదో అన్నారు, నేను నవ్వుతూ లేచాను. ఆ మూత అడగలేదు. ఆయనా ఇవ్వలేదు.

మధ్యాహ్నం ఆయన, బండి ఇవాళ బద్ధకంగా ఉందేమిటి, చక్రాలు ఈడ్చుకుంటూ వస్తున్నట్టుంది అన్నారు. సామాను బరువు, గాలి సరిగ్గానే ఉంది, నేనే చూశాను కదా అన్నాను. ఆయన సరే అన్నారు. నేను చూశానంటే ఇక ఆయనకి అనుమానం ఉండదు. ఇంకో గంటకి ఆ చప్పుడు వినబడింది.

ఆస్పత్రి కవరులో వచ్చిన చిన్నవాటిలో ఈ నల్ల మూత ఉంది. ఆయన చొక్కా జేబులో దొరికిందట. అదేమిటో నర్సుకి తెలియలేదు, పారేయమంటారా అని అడిగింది. నీకు రాసిన మొదటి ఉత్తరంలో దీని సంగతి దాచాను.

ఆ రోజుకి నాకు అనుమానం మాత్రమే. నీ గేజి తప్పు అని నువ్వు రాస్తే, కావచ్చు, కావచ్చు అని దాన్ని పట్టుకుని వేలాడాను. ఇంటికొచ్చాక మీ బావ ఫైలులో బండి పుస్తకం దొరికింది. ఆయన ఎప్పుడూ తెరవనేలేదు, పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి, నడిచి వేడెక్కిన టైరులో ఎక్కువ చూపించడం మామూలే, అప్పుడు గాలి తీయకూడదు అని రాసి ఉంది. దాని కిందే, బరువు ఎక్కువైతే వెనక టైర్లకి ఎంత పెంచాలో పట్టీ ఉంది. ముప్పై ఆరు.

అప్పుడు లెక్క వేశాను. ముందువాటికీ వెనకవాటికీ నాలుగు తేడా ఎందుకుంది? నువ్వు వెనక ముప్పై ఆరు కొట్టావు కాబట్టి. పుస్తకాలూ మిషనూ ఉన్నాయని చూసి కొట్టావు. నీ గేజి సరిగ్గానే ఉంది. నాలుగింటికీ ముప్పై రెండు అని నాకు అబద్ధం రాశావు. ఎందుకు రాశావో తెలియదు, తెలుసుకోవాలంటే భయంగా ఉంది.

ఇది తెలిసినా అత్తయ్యకి చెప్పలేదు. ఆవిడ నీకు గుమ్మం మూసేస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. పొద్దున ఆవిడ నా తల దువ్వుతుంటే చెబుదామని నోరు తెరుస్తాను, దువ్వెన ఆగిపోతుందేమోనని మూసేస్తాను. ఈ ఇంట్లో ఆయన వాసన ఉన్న మనిషి ఆవిడొక్కరే. ఆవిడ కూడా పోతే నాకెవరున్నారని, ఉన్న నిన్ను వదిలేశాను.

మూత ఈ కవరులో పెట్టాను. ఎడమ వెనకది.

అక్క


టైర్ల షాపు
గురువారం

తక్కెడక్కా,

నాకు తెలుసు. మొదటి వారం నుంచీ, ఆ కాగితం రాసివ్వకముందు నుంచీ తెలుసు.

పోలీసు ఆవరణలో అరగంట ఉన్నానని రాశాను, ఏం చేశానో రాయలేదు. మిగిలిన మూడు టైర్లకీ గేజి పెట్టాను. ఇరవై ఆరు. మూడూ ఇరవై ఆరే. డిక్కీలో ఉన్న స్టెప్నీ టైరుకి కూడా పెట్టాను, అదీ ఆ పొద్దున నేను కొట్టిందే. ముప్పై ఆరు, ఒక్క పిసరు తగ్గలేదు. గాలి దానంతటది పోతే ఒకదాంట్లో ఎక్కువ పోతుంది, ఒకదాంట్లో తక్కువ పోతుంది. మూడు టైర్లలో వెంట్రుకవాసి తేడా లేకుండా పోవాలంటే ఎవరో కూర్చుని కొలిచి తీయాలి. అంత ఓపికగా కొలిచే చెయ్యి మనింట్లో ఒక్కటే ఉంది. మూడు మూతలు బిగించి ఉన్నాయి, నాలుగోది లేదు. నువ్వు మూత మరిచిపోవడం ఏమిటా అని అక్కడే కింద కూర్చుని ఏడ్చాను.

అందుకే నాలుగింటికీ ముప్పై రెండు అని రాశాను. ముప్పై ఆరు అని రాస్తే నువ్వు లెక్క వేసేస్తావని. నేను రాసినా రాయకపోయినా వేశావు.

నేనేదో త్యాగం చేశాననుకోకు. ఆ లారీవాడి హారనుకి లేచి వెళ్లకపోతే, చల్లగా ఉన్నప్పుడే చూడు అనే ఒక్క మాట చెప్పి ఉండేవాణ్ణి. ఆ పొద్దున వెనక ఎక్కువ కొట్టాను సుమా అని కూడా చెప్పలేదు. చెబితే ఎందుకు, ఎంత అని గంటసేపు అడుగుతావని, బయల్దేరే వేళకి ఎందుకులే అని ఊరుకున్నాను. గాలి తీసింది నువ్వైతే, తీయకూడదని చెప్పాల్సినవాణ్ణి నేను. ఇన్‌స్పెక్టరుకి రాసిచ్చిన కాగితంలో గేజి మాట అబద్ధం. తప్పు నాది అన్న మాట అబద్ధం కాదు.

కానీ కోపం రాలేదని చెప్పను. తీగలు తీసి పది రోజులైందని నువ్వు రాసిన రోజు బాగా వచ్చింది. నీ కోసమే అబద్ధమాడాను, నిజమే. అయినా లోలోపల, అక్క ఊరుకోదు, ఒక్క మాటైనా అంటుంది అనుకున్నాను. మా తమ్ముడి చేతిలో గాలి లెక్క తప్పదు అని అంటావని రెండు నెలలు పోస్టుమాన్ కోసం చూశాను. అది రాస్తుంటే ఇప్పుడు కూడా కళ్లు మండుతున్నాయి.

అత్తయ్యకి చెప్పకు. ఇంతదూరం మోశాను, ఇంకా మోస్తాను. ఆవిడ నీ తల దువ్వనీ.

మూత నా చొక్కా జేబులో ఉంది.

తమ్ముడు


కొత్త ఇల్లు, వరండా
ఆదివారం

తమ్ముడికి,

నీ మాట వినలేదు. చెప్పేశాను.

నీ ఉత్తరం అందిన పొద్దునే, ఆవిడ దువ్వెన తీసుకుని వెనక నిలబడ్డప్పుడు. మొహం చూస్తే చెప్పలేనని అటు తిరిగే చెప్పాను. గేజి, ఎండ, గొడుగు, మూత, నీ స్టెప్నీ, అన్నీ. దువ్వెన ఆగింది. ఆవిడ ఒక్కటే అడిగారు.

"ఎండలో ఎంతసేపు నిలబడ్డాడు?"

"పది నిమిషాలు, అత్తయ్యా."

"వాడికి ఎండ పడదు" అన్నారు.

దువ్వెన బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్లారు. తర్వాత తొమ్మిది రోజులు ఒకే ఇంట్లో ఇద్దరం గోడల్లా ఉన్నాం. ఆవిడ వండితే నేను తిన్నాను, నేను వండితే ఆవిడ తిన్నారు. నా జుట్టు నేనే దువ్వుకున్నాను, వెనక పాయ సరిగ్గా అందదు.

నిన్న ఆవిడ కూతురి దగ్గరికి ప్రయాణమయ్యారు. బాడుగ కారు వచ్చింది. సంచి పట్టుకుని మెట్లు దిగి, కారు ఎక్కకుండా నిలబడ్డారు. గాలి చూశావా అని డ్రైవరుని అడిగారు. అతను టైరుని కాలితో ఒక తన్ను తన్ని, బాగానే ఉందండీ అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగారు. తొమ్మిది రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"నువ్వే చూడు."

అది క్షమించడమో శిక్షో ఇప్పటికీ నాకు తెలియలేదు. లోపలికి వెళ్లి గేజి తెచ్చాను. కర్ర పక్కన పెట్టి, కడ్డీ వేసిన కాలు చాపుకుని నేల మీద కూర్చున్నాను. మూత రెండుసార్లు చేతిలోంచి జారింది. ఎక్కడి నుంచి వచ్చావని డ్రైవరుని అడిగాను. వెనక వీధేనట, టైరు మీద చెయ్యి పెడితే చల్లగానే ఉంది. వెనక కుడివైపుది ఇరవై నాలుగు. నాలుగూ రెండేసిసార్లు చూశాను, దేని వాల్వూ నొక్కలేదు. ఇలా వెళ్లకూడదు, మూల మీద బంకులో కొట్టించుకుని రా అన్నాను. అతను గొణుక్కుంటూ వెళ్లాడు.

అతను తిరిగొచ్చేదాకా ఆవిడ వరండాలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఇద్దరం రోడ్డుకేసి చూస్తున్నాం. ఒకసారి ఆవిడ చెయ్యి నా తల దాకా వచ్చింది, విడిపోయిన పాయని చెవి వెనక్కి తోసి మళ్లీ తన సంచి మీదికి వెళ్లిపోయింది.

కారు ఎక్కేటప్పుడు నీ సంగతి ఎత్తాను. రమ్మననా అని అడిగాను. ఆవిడ రమ్మనలేదు, వద్దనలేదు. నెలాఖరుకి వస్తాను అన్నారు, అంతే.

కాబట్టి ఆవిడ లేనప్పుడు దొంగలా రాకు. నెలాఖరున, ఆవిడ ఉన్నప్పుడు రా. తలుపు నేను తీస్తాను. తమ్ముడి చేతిలో గాలి లెక్క తప్పదని ఆవిడ ముందు నిలబడి చెబుతాను, ఆ మాట నీకు నేను బాకీ. కంప్రెసరు ఇంకా ఇచ్చేయకపోతే ఇవ్వకు. టాక్సీ ఆయనకి గాలి నువ్వే కొట్టు, కొట్టి ఎంతుందో పైకి చదువు.

బావ కుర్చీ ఎవరికీ ఇవ్వకు. వచ్చే ఏడాది నా కాలు బాగయ్యాక ఒక ఆదివారం వచ్చి కూర్చుంటాను. పేపరు పైకి చదవడం నాకు చేతకాదు. నీ పక్కన ఊరికే కూర్చుంటాను.

మూత జేబులోనే ఉండనీ. ఉతికేటప్పుడు మాత్రం చూసుకో.

అక్క